బువ్వ, చిజ్జీ, మా టీచరమ్మ

బూర్గంపాడులో ఒకటో తరగతికి వెళ్ళిన మొదటిరోజు టీచరమ్మ నా గడ్డం పట్టుకుని, "బువ్వ తిన్నావా కన్నా?" అని అడిగింది. నాకు సమఝ్ కాలేదు. మా ఇంట్లో నానీ నోట మిఠాయి అంటే చిజ్జీ, నిద్ర అంటే నిన్నీ. పక్కనున్న కోయ పిల్లాడూ నాలాగే దిక్కులు చూశాడు. బువ్వ తెలిసినవాళ్ళు మాత్రం నవ్వారు.

ముద్దుమాటలు పిల్లలు కల్పించుకునేవి కావు, పెద్దలు తరతరాలుగా అందించే విరాసత్. 1964లో చార్లెస్ ఫెర్గూసన్ అనే అమెరికా భాషావేత్త అరబ్బీ, మరాఠీ సహా ఆరు జుబాన్ల ముద్దుమాటలు పోల్చి ఈ సంగతే చెప్పాడు. అందుకే ఒక ఇంటి ముద్దుమాట ఇంకో ఇంటి బిడ్డకు పరాయిది.

మా ఊరి తారీఖ్ చూడండి. 1948 దాకా ఇది నిజాం రియాసత్. గోదావరి అవతల భద్రాచలం మద్రాసు వాళ్ళది. ఇవతల సర్కారీ బడుల్లో పై తరగతుల తాలీమ్ ఉర్దూలో సాగేది. 1918లో పుట్టిన ఉస్మానియా యూనివర్సిటీ కూడా ఉర్దూదే. ఇంట్లో బువ్వ తిన్న తెలుగు పిల్లాడు అక్కడ తడబడేవాడు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఆ తడబాటు మా వంతైంది. అదే ఏడు రాజ్యాంగంలో 350ఏ అధికరణ చేరింది. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక తాలీమ్ మాదరీ జుబాన్‌లో అందేలా చూడాలంటుంది అది. కోయ పిల్లాడికి మాత్రం ఆ జమానాలోనూ ఈ జమానాలోనూ బడి భాష పరాయిదే.

పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవర పిల్లలకు చదువు చెప్పాలని ముందు తానే సవర నేర్చుకున్నారు. మా టీచరమ్మ ఆయన పేరు విన్నదో లేదో గానీ, ఆ వారమే మా గుమ్మంలోకి వచ్చి నానీని మా మాటలడిగింది. ఆ కోయ పిల్లాడి అమ్మనూ అడిగింది. సోమవారం నన్ను, "చిజ్జీ తెచ్చావా బేటా?" అంది. ఆ రోజు నుంచి నేను బడికి ఏడవలేదు.

మా భాయిజాన్ కథ వేరు. పొరుగూరి బడిలో ఏడో తరగతి. అతని ఉర్దూ యాస తెలుగు విని ఒక సారు, "అలాగా చిట్టి పాపా, బువ్వ కావాలా?" అని ముద్దుముద్దుగా వెక్కిరించేవాడు. క్లాసంతా నవ్వేది. దసరా సెలవుల తర్వాత భాయిజాన్ మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

మాట ఒకటే, బువ్వ. ఐదేళ్ళ బిడ్డకు అది షఫ్ఖత్, పన్నెండేళ్ళ కుర్రాడికి తౌహీన్. మీ బిడ్డ బడి నుంచి రాగానే మార్కులతోపాటు ఇదీ అడగండి: "ఈరోజు టీచర్ నిన్ను ఎలా పిలిచారు?"