సగం చెరిగిన మాట

జీవుల వెనుక తెలివైన రూపకర్త ఒకరున్నారనే వాదానికి పేరు 'ఇంటెలిజెంట్ డిజైన్'. అమెరికా బడిపుస్తకంలోకి ఇది దొడ్డిదారినే వచ్చింది. ప్రభుత్వ బడుల్లో పరిణామవాదానికి జతగా సృష్టివాదం కూడా చెప్పాలన్న లూసియానా చట్టాన్ని 1987లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తీర్పు తర్వాత, అప్పటికి తయారవుతున్న 'ఆఫ్ పాండాస్ అండ్ పీపుల్' అనే బడిపుస్తకం చిత్తుప్రతిలో 'క్రియేషనిస్ట్స్' (సృష్టివాదులు) పోయి 'డిజైన్ ప్రొపొనెంట్స్' (డిజైన్ వాదులు) వచ్చి కూర్చుంది. ఒకచోట మాత్రం పాత మాట పూర్తిగా చెరగలేదు. ముందు 'సి', చివర 'ఇస్ట్స్' మిగిలిపోయి, 'సిడిజైన్ ప్రొపొనెంట్సిస్ట్స్' అనే వింత పుట్టింది. ఏ నిఘంటువుకీ అందని మాట! పెన్సిల్వేనియాలోని డోవర్ బడుల్లో ఇంటెలిజెంట్ డిజైన్ చెప్పించడంపై నడిచిన కేసులో తత్వశాస్త్ర ఆచార్యురాలు బార్బరా ఫారెస్ట్ ఆ చిత్తుప్రతుల గుట్టు విప్పారు. పేరు మారిందే తప్ప సరుకు అదే. సైన్సు క్లాసులో ఇంటెలిజెంట్ డిజైన్ చెప్పించడం రాజ్యాంగ విరుద్ధమని 2005 డిసెంబరు 20న జడ్జి జాన్ జోన్స్ తీర్పిచ్చారు.