గట్లు చెరిగిన డిస్కు

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల ఇన్‌స్టిట్యూట్లలో ఒకప్పుడు లినక్స్ క్లాసు డిస్కును ముక్కలు చెయ్యడంతోనే మొదలయ్యేది. ఫ్యాకల్టీ బోర్డు మీద పొడవాటి పెట్టె గీసి, నిలువు గీతలు కొట్టి, ఒక్కో గడికీ పేరు పెట్టేవారు. స్లాష్ బూట్‌కు 100 ఎంబీ, స్వాప్‌కు ర్యామ్‌కు రెట్టింపు, ఆపైన స్లాష్, స్లాష్ యూఎస్ఆర్, స్లాష్ వార్, స్లాష్ హోమ్. ఆ పట్టిక నోట్సులోకి ఎక్కి, జిరాక్సు షాపు దాటి, ఎస్సార్ నగర్, పంజాగుట్ట హాస్టళ్ల దాకా వెళ్లేది. ఇంటర్వ్యూలో అడిగితే కుర్రాళ్లు నిద్రలో కూడా చెప్పేవాళ్లు.

ఆ గీతలు ఊరికే పుట్టలేదు. 1970ల తొలినాళ్లలో బెల్ ల్యాబ్స్ యంత్రంలో మొదటి డిస్కు నిండిపోతే, యూనిక్స్ ప్రోగ్రాములు మనుషుల ఫైళ్లున్న రెండో డిస్కులోకి పొంగాయి. స్లాష్ యూఎస్ఆర్‌కు ఆ రూపం అలా వచ్చింది. పాత బయోస్ 1024 సిలిండర్లు దాటి చదవలేకపోయేది కాబట్టి స్లాష్ బూట్ డిస్కు మొదట్లోనే ఉండాల్సి వచ్చింది. ఇక స్లాష్ వార్‌ది పొలం గట్టు పని: లాగ్ ఫైళ్లు ఎంత పొంగినా ఆ మడిలోనే ఆగేవి, మిగతా సిస్టమ్ నిలబడేది.

ఈ పద్ధతి పతనం లోపలి నుంచే మొదలైంది. స్లాష్ యూఎస్ఆర్ నిండిపోయి కొత్త ప్యాకేజీ ఎక్కదు. పక్కనే స్లాష్ హోమ్ ఖాళీగా పడి ఉన్నా ఒక్క ఎంబీ అప్పివ్వదు. ఆ బాధ తీర్చడానికి, గడుల సైజును తర్వాత మార్చుకోనిచ్చే ఎల్‌వీఎం వచ్చింది. కానీ 2014లో రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7 ఎక్స్‌ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్‌ను డిఫాల్ట్ చేసింది. అది పెరుగుతుందే గాని తగ్గదు.

స్లాష్ యూఎస్ఆర్ కథ మరీ విషాదం. అది మౌంట్ కాకముందే, బూట్ తొలి క్షణాల్లోనే, అందులోని ప్రోగ్రాములు కావాల్సి రావడం మొదలైంది. 2012లో ఫెడోరా 17 స్లాష్ బిన్‌ను, స్లాష్ లిబ్‌ను దానిలోకే కలిపేసింది. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7 అదే దారి పట్టింది. 2023లో డెబియన్ 12 నాటికి పాత పద్ధతికి చోటే లేకుండా పోయింది. ఒకనాడు విడిగా బతికినదాన్ని ఇప్పుడు విడదీస్తే శ్రమే తప్ప లాభం లేదు.

ఆఖరి దెబ్బ క్లౌడ్‌ది. ఒకే రూట్ డిస్కుతో తయారైన ఇమేజ్, రెండు నిమిషాల్లో సర్వర్. 2020 లాక్‌డౌన్‌లో అమీర్‌పేట ల్యాబులు మూతపడి క్లాసులు ఆన్‌లైన్‌కు మారాక, పిల్లల చేతికి నేరుగా అదే అందింది. గీత గీయాల్సిన అవసరమే రాలేదు.

స్లాష్ యూఎస్ఆర్ పోయిందని నాకు దిగులు లేదు. పోయినందుకు ఏడవాల్సింది, పార్టిషన్లు గీసే ఎఫ్‌డిస్క్‌లో డబ్ల్యూ నొక్కే ముందు ఆగే ఆ క్షణం గురించి. ఆ అక్షరం నొక్కేదాకా డిస్కు మీద ఏదీ మారదు. నొక్కాక వెనక్కి రావడం కష్టం. ఆ భయమే కుర్రాడి చేత లెక్క వేయించేది: ఈ యంత్రంలో ఏది పెరుగుతుంది, ఎంత పెరుగుతుంది, ఏది పోతే బతకలేం? ఆ లెక్క వెయ్యకుండానే నేడు సర్వర్లు లేస్తున్నాయి. ఒక అప్లికేషన్ రాత్రంతా లాగ్‌లు కక్కితే, తెల్లారి డీఎఫ్ కొట్టి చూస్తే రూట్ నూటికి నూరు శాతం. డేటాబేస్ రాయలేదు, సర్వీసులు లేవవు.

ఇంటి ల్యాప్‌టాప్‌కు ఒక్క రూట్ పార్టిషన్ చాలు. అయినా స్లాష్ హోమ్ విడిగా ఉంటే, మళ్లీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు దాన్ని ఫార్మాట్ చెయ్యకుండా వదిలేసి ఫొటోలు దక్కించుకోవచ్చు. కంపెనీ సర్వర్లో మాత్రం స్లాష్ వార్ విడిగా ఉండి తీరాలి. సీఐఎస్ భద్రతా ప్రమాణాలు ఇప్పటికీ స్లాష్ టెంప్, స్లాష్ వార్, స్లాష్ వార్ లాగ్ విడిగా ఉన్నాయా అనే అడుగుతున్నాయి. లేవని ఆడిట్‌లో తేలితే, అర్ధరాత్రి డౌన్‌టైమ్ అడిగి, కొత్త డిస్కు తగిలించి, స్లాష్ వార్‌లోని సర్వస్వాన్నీ దానిలోకి కాపీ చేసి, ఎఫ్‌స్టాబ్‌లో ఒక లైను చేర్చాలి.