గోడకి రెయిన్‌కోటు ఎటువైపు?

మినియాపొలిస్‌లో కొత్త ఇల్లు కట్టించుకుంటున్న మనవాళ్ళు ఫ్రేమింగ్ దశలో తీసి పంపే ఫోటోలు మీరూ చూసే ఉంటారు. చెక్క గోడల లోపలి వైపు పైనుంచి కిందిదాకా పల్చటి ప్లాస్టిక్ షీటు కొట్టి ఉంటుంది. అదే వేపర్ బ్యారియర్, ఆవిరికి అడ్డు. డాలస్‌లో కట్టించుకునేవాళ్ళ ఫోటోల్లో మామూలుగా అది కనపడదు. బిల్డర్ మోసం చేశాడేమో అని కంగారు పడక్కర్లేదు, అక్కడ అది ఉండకపోవడమే మంచిది. మరి మా లక్సెట్టిపేటలో? అక్కడ ఆ మాటే ఎవరికీ తెలియదు. కానీ తెలియకుండానే చాలా కొత్త ఇళ్ళకి ఒకటి తగిలిస్తున్నాం, అదీ తప్పు వైపున. నా గోల అంతా దాని గురించే.

ముందు పాత ఇళ్ళ సంగతి. లక్సెట్టిపేట గోదావరి ఒడ్డున ఉంది. నిజాం కాలంలోనే తాలూకా కేంద్రం. ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది, 2016 అక్టోబర్‌లో మంచిర్యాల జిల్లాలోకి వచ్చింది. ఇక్కడ పాత ఇల్లంటే మందపాటి మట్టిగోడ, దూలాలు, వాసాలు, పైన గూన పెంకులు, గోడ దాటి ముందుకొచ్చే చూరు. గడీల్లాంటి పెద్ద కట్టడాలకైతే డంగు సున్నం. మామూలు ఇళ్ళకి మట్టి పూత, దసరాకి సున్నం, గోడ అడుగున జాజు పట్టీ. ఈ గోడలోకి నీళ్ళు రాకుండా ఆపేది ఏదీ లేదు. వానాకాలంలో నేలలోంచి చెమ్మ ఎక్కుతుంది, వాన జల్లు కొడుతుంది. కానీ మట్టి, సున్నం రెండూ ఆవిరిని వదిలే పదార్థాలు. ఎక్కిన చెమ్మ ఎండ కాయగానే రెండు వైపుల నుంచీ ఆరిపోయేది. ఉప్పు పేలి సున్నం రాలితే మళ్ళీ దసరాకి ఇంకో పూత. మన భాషలో చెప్పాలంటే ఏటా ఒక మెయింటెనెన్స్ రిలీజ్ అన్నమాట :)

1958లో పక్కనే మంచిర్యాలలో ఏసీసీ సిమెంటు ఫ్యాక్టరీ మొదలైంది. 1969లో గోదావరి అవతల బసంత్‌నగర్‌లో కేశోరాం వచ్చింది. రెండు ఫ్యాక్టరీల మధ్య ఉన్న ఊళ్ళలో సిమెంటు మోజు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు కదా. స్లాబు ఇల్లు హోదా అయింది. పైగా కోతులు గూన పెంకులు పీకి పారేస్తుంటే పెంకుటిల్లు కాపాడుకునే ఓపిక ఎవరికి? సిమెంటుని తప్పు పట్టడం లేదు. పునాది మీద డీపీసీ వేసి సరిగ్గా కడితే ఇటుక గోడ, సిమెంటు పూత బ్రహ్మాండంగా పనిచేస్తాయి. (ఆ డీపీసీ కూడా బ్రిటన్ ఇచ్చిందే, 1875 ప్రజారోగ్య చట్టం తరువాత అక్కడి మునిసిపల్ నిబంధనలతో అలవాటైంది.) గొడవ వచ్చింది పాత మట్టిగోడల మీద సిమెంటు పూసినప్పుడు.

మా చిన్నాయన ఇంటికి పూత వేసేటప్పుడు మేస్త్రి, "సిమెంటు పూస్తే నీళ్ళు లోపలికి రావు సారూ" అన్నాడట. చిన్నాయన అడిగిన ప్రశ్న, "వచ్చినయి ఎట్ల పోతయిరా మరి?"

ఈ సబ్జెక్టు మొత్తం ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. నేలలోంచి వచ్చే చెమ్మకి సిమెంటు పూత అడ్డం కాదు, ఎందుకంటే అది పూత వెనకాల నుంచి ఎక్కుతుంది. బయటకి ఆరే దారి మూసుకుపోతే ఇంకా పైకి ఎక్కుతుంది. మోకాలి ఎత్తున ఆగాల్సిన మరక నడుం ఎత్తుకి వస్తుంది. లోపల మట్టి మెత్తబడుతుంది, పైన సిమెంటు పెచ్చులుగా ఊడుతుంది.

అమెరికాలో ఇదే ప్రశ్న ఇంకో రూపంలో వచ్చింది. 1930లలో చెక్క ఇళ్ళ గోడల్లో ఇన్సులేషన్ నింపడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకి బయట పెయింటు ఊడిపోసాగింది. పెయింటర్లు తప్పు ఇన్సులేషన్‌ది అన్నారు. అటు కంపెనీలు, ఇటు పరిశోధకులు రంగంలోకి దిగారు. మాడిసన్‌లోని ఫారెస్ట్ ప్రొడక్ట్స్ లాబొరేటరీలో టీస్‌డేల్, మినెసోటా విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ రౌలీ ప్రయోగాలు చేశారు. 1938లో టైలర్ రోజర్స్ ఆర్కిటెక్చరల్ రికార్డ్‌లో రాసిన వ్యాసం ఈ విషయాన్ని ఆర్కిటెక్టులందరికీ చేరవేసింది. ఇంట్లోని ఆవిరి గోడలోకి పోయి చల్లబడి నీరవుతోంది, కాబట్టి లోపలి వైపున అడ్డుపొర పెట్టండి అన్నది సారాంశం. 1942 నాటికి ఫెడరల్ హౌసింగ్ వాళ్ళ నిబంధనల్లోకి ఎక్కింది. ఆవిరి ఎంత దాటుతుందో కొలిచే యూనిట్ పేరు పెర్మ్. ఒక పెర్మ్ లోపు ఉంటే అడ్డుపొర కింద లెక్క.

పరిశోధనలన్నీ చలి ప్రాంతాల్లో జరిగాయి, నిబంధన మాత్రం దేశమంతా పాకింది. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన విలియం రోజ్ ఈ కథంతా 2005లో 'వాటర్ ఇన్ బిల్డింగ్స్' అనే పుస్తకంలో విప్పి చెప్పాడు. ఒక క్లయింటు కోసం రాసిన కాన్ఫిగ్ ఫైల్‌ని అందరికీ డిఫాల్ట్ చేస్తే ఏమవుతుందో మనకి తెలుసుగా!

లెక్క సులువే. గాలిలో ఉన్న తేమ ఏ ఉష్ణోగ్రత దగ్గర నీరవుతుందో దాన్ని డ్యూ పాయింట్ అంటారు. మినియాపొలిస్ జనవరిలో ఇంట్లో 21 డిగ్రీలు, 40 శాతం తేమ అనుకోండి. డ్యూ పాయింట్ సుమారు 7. బయట మైనస్ 20. అంటే గోడ మధ్యలో ఎక్కడో 7 తగులుతుంది, నీరు పడుతుంది. అడ్డు లోపల ఉండాలి, ఎందుకంటే వెచ్చటి వైపు అది.

లక్సెట్టిపేట మే నెలలో బయట 44 డిగ్రీలు, 20 శాతం తేమ. డ్యూ పాయింట్ దాదాపు 16. గదిలో ఏసీ 24 మీద ఉన్నా గోడకి భయం లేదు. అదే జూలై చివర, 30 డిగ్రీలు, 85 శాతం తేమ. డ్యూ పాయింట్ 27! ఏసీ 22 మీద పెట్టి పడుకుంటే గోడ లోపలి ముఖం అంతకంటే చల్లగా ఉంటుంది. బయటి ఆవిరి ఇటుకల గుండా లోపలికి వస్తోంది. ఇక్కడ వెచ్చటి వైపు బయట. ఈ పరిస్థితిలో లోపలి ముఖానికి వినైల్ వాల్‌పేపరో, కడిగినా పోని ప్లాస్టిక్ పెయింటో, గోడకి అతికించిన పీవీసీ ప్యానెలో వేశామా, అది మినెసోటా వైపున పెట్టిన అడ్డుపొరే. దాని వెనకాల నీరు, ఆ నీటి మీద బూజు. ఫ్లోరిడా, గల్ఫ్ తీరం హోటళ్ళు ఈ పాఠం ఎప్పుడో నేర్చుకున్నాయి. వినైల్ వాల్‌పేపర్ ఊడదీస్తే వెనక గులాబీ, నల్ల మచ్చలు. అమెరికన్ రెసిడెన్షియల్ కోడ్ కూడా 2009 నాటికి లోపలి అడ్డుపొరని చలి జోన్లకే తప్పనిసరి చేసింది.

చూరు సంగతి కూడా అలాంటిదే. వాంకూవర్‌లో చూరు లేని ఫ్యాషన్ అపార్టుమెంట్లు కట్టారు. వాన గోడలోకి దిగింది, ఆరే దారి లేక చెక్క కుళ్ళింది. 1998లో బారెట్ కమిషన్ వేసి విచారించాల్సి వచ్చింది. మన ఊళ్ళో ఎలివేషన్ అందం కోసం చజ్జాలు తీసేస్తున్నవాళ్ళకి ఇది చెప్పాలి.

మన గోడలు చెక్కవి కాదు కాబట్టి కూలవు, నిజమే. కానీ ఆ ఏసీ గదిలో పడుకునేది ఎవరు? మనం హైదరాబాద్ నుంచో, న్యూజెర్సీ నుంచో డబ్బులు పంపి, ఇంటర్నెట్‌లో డిజైన్ చూసి చేయించిన గది అది. పడుకునేది అరవై, డెబ్బై దాటిన అమ్మా నాన్న. చెమ్మ, బూజు ఉన్న ఇళ్ళలో ఆయాసం, ఆస్తమా ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది.

అందుకని నా సలహాలు ఐదే. డీపీసీ విషయంలో బేరం వద్దు. చజ్జాలు ఉంచండి. ఏసీ గదిలో బయటి గోడకి వాల్‌పేపర్, ప్యానెల్ వద్దు, ఆవిరిని వదిలే పూత చాలు, అల్మారా ఆ గోడకి అంటించకండి. వానాకాలంలో ఏసీ 26 కంటే కిందకి దించకండి. 2022 జూలైలో కడెం పొంగి మంచిర్యాల కాలనీలు మునిగినట్టు ఎప్పుడైనా ఇంట్లోకి నీళ్ళు వస్తే, గోడ పూర్తిగా ఆరేదాకా పుట్టీ, పెయింటు జోలికి పోకండి.

ఇంటి ప్లాన్ ఎక్కడి నుంచైనా తెచ్చుకోవచ్చు. గోడ మాత్రం ఏ ఊళ్ళో ఉందో ఆ ఊరి గాలినే పీలుస్తుంది. కాంట్రాక్టర్ ఏదైనా కొత్త పొర అమ్మజూపితే, మా చిన్నాయన ప్రశ్న అడిగి చూడండి. జవాబు లేకపోతే ఆ పొర మీకు అక్కర్లేదు.