క్రిస్మస్ విత్ ద క్రాంక్స్: నవల నుంచి తెరకు

క్రిస్మస్ విత్ ద క్రాంక్స్ 2004 నవంబరు 24న అమెరికాలో విడుదలైన హాస్య చలనచిత్రం. జాన్ గ్రీషమ్ రాసిన స్కిప్పింగ్ క్రిస్మస్ (2001) నవల దీనికి ఆధారం. జో రాత్ దర్శకత్వం వహించగా, క్రిస్ కొలంబస్ స్క్రీన్‌ప్లే రాసి నిర్మాణంలోనూ పాలుపంచుకున్నారు. టిమ్ ఆలెన్, జేమీ లీ కర్టిస్ క్రాంక్ దంపతులుగా నటించారు. పండగ ఖర్చును లెక్కలు కట్టి చూసుకున్న ఒక మనిషి కథ, తెర మీదికి వచ్చేసరికి ఒక వీధి కథ అయింది.

మూల నవల

గ్రీషమ్ అనగానే పాఠకులకు కోర్టు గదులు, లాయర్లు గుర్తొస్తారు. ఆయన నవలలు ద ఫర్మ్, ద పెలికాన్ బ్రీఫ్ రెండూ 1993లోనే సినిమాలయ్యాయి. 2001లో మాత్రం ఆయన కోర్టు ఊసు లేని పుస్తకాలు రెండు వెలువరించారు. మొదటిది పత్తి చేల నడుమ సాగే ఎ పెయింటెడ్ హౌస్. రెండోది నవంబరులో డబుల్‌డే ప్రచురించిన స్కిప్పింగ్ క్రిస్మస్. పండగ ముంగిట వచ్చిన ఈ చిన్న పుస్తకం బాగా అమ్ముడుపోయింది.

కథలో లూథర్ క్రాంక్ పన్నుల లెక్కలు చూసే అకౌంటెంట్. ఒక్కగానొక్క కూతురు బ్లెయిర్ పీస్ కోర్ అనే సేవా సంస్థ తరఫున పెరూ వెళ్లాక, కిందటేడు పండగకు ఎంతయిందో కూడి చూస్తాడు. 6,100 డాలర్లని తేలుతుంది. అందులో సగంతోనే భార్య నోరాతో కలిసి కరీబియన్ సముద్రంలో ఓడ విహారం చేసి రావచ్చు. ఇక ఆ ఏడు చెట్టు లేదు, విందు లేదు, కానుకలు లేవు. హెమ్లాక్ వీధిలో ప్రతి ఇంటి కప్పు మీదా ఫ్రాస్టీ అనే మంచుమనిషి బొమ్మను నిలబెట్టడం ఆనవాయితీ. క్రాంక్‌ల కప్పు ఒక్కటే బోసిగా ఉండడం ఇరుగుపొరుగుకు కంటగింపవుతుంది. తీరా పండగ ముందు రోజు కూతురు ఫోన్ చేసి, కాబోయే భర్త ఎన్రికేతో ఇంటికి వస్తున్నానంటుంది. వద్దనుకున్న పండగంతా కొన్ని గంటల్లో సిద్ధం కావాలి. అప్పటిదాకా గుర్రుగా ఉన్న పొరుగువాళ్లే సాయానికి దిగుతారు.

చిత్ర రూపకల్పన

సినిమాను నిర్మించిన రెవల్యూషన్ స్టూడియోస్ స్థాపకుడు జో రాతే. కొలంబస్ దర్శకత్వం వహించిన హోమ్ అలోన్ (1990) ట్వంటీయత్ సెంచరీ ఫాక్స్ నుంచి వచ్చిన రోజుల్లో, ఆ సంస్థ చిత్ర విభాగానికి రాత్ అధిపతి. పడడాలు, జారడాలు, దెబ్బలు తగలడాలతో నవ్వించిన ఆ క్రిస్మస్ చిత్రం పోలికలు క్రాంక్స్‌లోనూ కనిపిస్తాయి. టిమ్ ఆలెన్‌కు కూడా ద శాంటా క్లాజ్ (1994) నాటి నుంచి పండగ సినిమాల నటుడన్న పేరుంది. వీధికి పెద్దమనిషిలా పెత్తనం చేసే విక్ ఫ్రోమైయర్ పాత్రను డాన్ ఐక్రాయిడ్ పోషించారు.

నవలలో నవ్వు చాలావరకు లూథర్ లెక్కల్లో, అతని లోపలి గొణుగుడులో పుడుతుంది. కెమెరాకు అవి అందవు గనక సినిమా ఆ మొండితనాన్ని చేతల్లో చూపించింది. పాటలు పాడుతూ వచ్చేవాళ్లు గుమ్మం చేరకుండా లూథర్ ఇంటి ముందు నీళ్లు పోసి గడ్డకట్టిస్తాడు. బొటాక్స్ సూదులు వేయించుకుని ముఖం కదలక తిండి తినలేకపోతాడు. నోరా ఎలాగో సంపాదించిన హ్యామ్ డబ్బా చేజారి దొర్లిపోతుంటే వెంటపడుతుంది. చివర్లో మార్టీ అనే అతిథి సాక్షాత్తూ శాంటా క్లాజేనని తేల్చి, కథను అద్భుతం వైపు మళ్లించారు. ఎదురింటి షీల్ దంపతుల్లో భార్య బెవ్ క్యాన్సర్‌తో బాధపడుతుంటే, లూథర్ తన ఓడ టికెట్లను వాళ్లకు ఇచ్చేసే ఘట్టం మాత్రం నవలలోనూ సినిమాలోనూ ఉంది.

హెమ్లాక్ వీధి

సినిమాలో కథ షికాగో శివారులో జరుగుతుంది. వీధి కోసం మొదట నిజమైన కాలనీలనే వెతికారు. అయితే ఎంపిక చేసిన వీధిని వారాల తరబడి క్రిస్మస్ అలంకరణలోనే ఉంచాలి. జనం కాపురముంటున్న చోట అది కుదిరే పని కాదు. దాంతో కాలిఫోర్నియాలోని డౌనీలో, ఒకప్పటి బోయింగ్ కర్మాగారం పార్కింగ్ స్థలంలో వీధినే కట్టేశారు. అపోలో వ్యోమనౌకల కమాండ్ మాడ్యూళ్లు తయారైన ప్రాంగణం అది. ప్రొడక్షన్ డిజైనర్ గారెత్ స్టోవర్ ఆధ్వర్యంలో 700 అడుగులకు పైగా పొడవున 16 ఇళ్లు లేచాయి. ముఖ్యమైన ఐదింటికి లోపలి గదులు కూడా కట్టారు. మిగతావి ముందు గోడలే. మంచు పడని ఊరు కాబట్టి మంచూ కృత్రిమమే.

పేరు మార్పు, విడుదల

సినిమాకు మొదట నవల పేరే అనుకున్నారు. అదే ఏడు అక్టోబరులో బెన్ ఆఫ్లెక్ నటించిన సర్వైవింగ్ క్రిస్మస్ విడుదలవుతుండడంతో ప్రేక్షకులు తికమకపడతారని మార్చారు. పుస్తకం పేరు ఒక నిర్ణయాన్ని చెబుతుంది, సినిమా పేరు ఒక కుటుంబాన్ని పరిచయం చేస్తుంది.

థాంక్స్‌గివింగ్ ముందు రోజు సోనీ పంపిణీతో విడుదలైన ఈ చిత్రానికి 6 కోట్ల డాలర్లు ఖర్చయింది. అమెరికా, కెనడాల్లో 7.3 కోట్లకు పైగా, ప్రపంచవ్యాప్తంగా సుమారు 9.6 కోట్ల డాలర్లు వసూలైంది.

విమర్శ

విమర్శకులు మాత్రం చిత్రాన్ని దాదాపు ఏకగ్రీవంగా తిరస్కరించారు. హాస్యం మోటుగా ఉందన్నది ఒక ఫిర్యాదు. ఇష్టం లేని కుటుంబం మీద వీధంతా పడి పండగ చేయించడాన్ని సినిమా మంచితనంగా చూపిందన్నది అంతకన్నా బరువైన ఆక్షేపణ. ఈ ఒత్తిడి నవలలోనూ ఉంది. అక్కడ దాన్ని లూథర్ వైపు నిలబడి చూస్తాం కాబట్టి వ్యంగ్యంగా తోస్తుంది. తెర మీద ఇంటి ముందు గుమిగూడి అరిచే జనాన్ని కళ్లారా చూస్తాం. ఆ గుంపే ఆఖర్లో ఇంట్లోకి వచ్చి విందు సర్దుతుంటే, ముందటి బెదిరింపును మరిచిపోవడం ప్రేక్షకుడికి పాఠకుడికన్నా కష్టం.