లేహ్‌లో రెండో రాత్రి

రాత్రి రెండు. మళ్ళీ ఒంటికి లేవాలి. దుప్పట్లు తోసి బూట్లలో కాళ్ళు దూరుస్తావు. నాలుగడుగులకే గుండె చెవుల్లో కొట్టుకుంటుంది. విజయనగరం కోట చుట్టూ పరుగులు తీసి ఆర్మీకి ఎంపికైన ఒళ్ళు ఇదేనా?

మొన్న పొద్దున విమానం దిగావు. మీ ఊరు సముద్రమట్టానికి వంద మీటర్లయినా ఎత్తు లేదు. ఇక్కడ 3,500. గుండెల నిండా పీలుస్తున్నా అందే ఆక్సిజన్ ఊళ్ళో అందేదాంట్లో మూడింట రెండొంతులే. పైకి పంపేముందు ఆరు రోజులు ఇక్కడే ఉంచుతారు. మొదటి రెండ్రోజులూ మంచమే.

సరే, ఇన్నిసార్లు ఎందుకు?

నడుం పైన చెయ్యి పెట్టుకో. లోపల రెండు కిడ్నీల మీదా టోపీల్లా చెరో అడ్రినల్ గ్రంథి. ఐదు గ్రాములుంటుందో లేదో. ఒంట్లో ఉప్పును పట్టి ఉంచే ఆల్డోస్టిరాన్ అనే స్టిరాయిడ్ అక్కడే, కొలెస్ట్రాల్ నుంచి తయారవుతుంది. ఆ పని చేసే ఎంజైములకు ఆక్సిజన్ కావాలి. పైగా కణాల్లో హిఫ్ అనే ప్రోటీన్ కాపలా ఉంది. ఆక్సిజన్ చాలినంతసేపూ అది పుట్టింది పుట్టినట్టే నాశనమవుతుంది. చాలకపోతే నిలుస్తుంది, జన్యువుల మీద పెత్తనం చేస్తుంది. కణాలు ఆక్సిజన్‌ను పసిగట్టే ఈ తీరును తేల్చిన ముగ్గురికి 2019లో నోబెల్ వచ్చింది. ఎలుకల అడ్రినల్‌లో హిఫ్-1ను నిలబెడితే స్టిరాయిడ్ల తయారీ తగ్గింది, తీసేస్తే పెరిగింది. ఎలుకల సంగతంతా మనిషికి అంటగట్టలేం గానీ, కొండెక్కినవాళ్ళ రక్తంలో ఆల్డోస్టిరాన్ పడిపోవడం మాత్రం ఎన్నోసార్లు కొలిచిందే. ఉప్పు పోతోంది, దాని వెంటే నీరు. పోనీ, మంచిదే.

తిరిగొస్తావు. పక్క మంచం మీద బొబ్బిలి కుర్రాడు లేచి కూర్చున్నాడు. పొడి దగ్గు.

"ఏటయిందిరా?"

"ఏటీ నేదు. తలనొప్పి."

"ఒంటికెళ్ళావా?"

"సాయంత్రం నుంచీ నేదు."

నీకు చురుక్కుమంటుంది. నీ ఒళ్ళు నీరు వదులుతోంది. వాడిది పట్టేసుకుంటోంది. ఈ ఎత్తులో జబ్బు పడేది ఎక్కువగా అలాంటి ఒళ్ళే.

"ఎవులికీ సెప్పకురా. ఎనక్కి పంపేస్తారు."

చెప్పాలా? ఊరుకోవాలా?

టార్చి వేస్తావు. గోళ్ళు నీలం. వాడు పడుకోలేకపోతున్నాడు. ఛాతీలో గురగుర.

పరిగెత్తకు. నువ్వూ పడతావు. నడు. తలుపు. వరండా. లైటున్న గది. తట్టు.

వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్. 68.

మాస్క్. సిలిండర్. డాక్టర్ స్టెత్ పెట్టి వింటాడు. ఊపిరితిత్తుల్లో నీరు. 74. మాస్కులోంచే వాడు నిన్ను తిడుతున్నాడు. తిట్టనీ. 81. 88.

తెల్లారగానే కిందికి, విమానంలో. స్ట్రెచర్ వస్తుంది. ఓ కొస పట్టుకోబోతావు. డాక్టర్ నీ భుజం పట్టి ఆపి మంచం చూపిస్తాడు. బరువులెత్తడానికి నీకింకా టైముంది.