విలియము వంశమును ధువోదా గ్రంథమును

షార్లమేను చక్రవర్తి కాలమున ఫ్రాంకుల రాజ్యమునందు మండలాధిపత్యము వహించిన ప్రభువంశములు పెక్కులు గలవు. వానిలో విలియము వంశ మొకటి. ఈ వంశమువారు నూఱేండ్లకు మించి దక్షిణ ఫ్రాన్సున అధికారము నెఱపిరి. కోటలు పట్టిరి, పోఁగొట్టుకొనిరి. కొందఱు రాజాజ్ఞచేతనే తలలు గోల్పోయిరి. ఇంతవఱకు ఇతర వంశములకును దీనికిని భేదము లేదు. భేద మెక్కడ ననఁగా, ఈ వంశపుఁ గోడ లొకతె గ్రంథము వ్రాసినది. ఆ గ్రంథము నేఁటికిని నిలిచియున్నది. నాఁటి చరిత్రకారులలో నొక్కఁడైనను ఆమె పేరెత్తలేదు.

మూలపురుషుఁడు విలియము చక్రవర్తికి బంధువు. 790లో తులూజు కౌంటుగా నియమింపఁబడెను. కౌంటనఁగా రాజు పేర నొక మండలమున న్యాయము దీర్చి, పన్నులు రాఁబట్టి, సేన నడపు అధికారి. అది యప్పటికి తండ్రినుండి కొడుకునకు సంక్రమించు హక్కు గాదు. రాజిచ్చినది రాజు తీసికొనవచ్చును. ఈ సంగతి చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. తరువాతి కథ యంతయు దీనిమీఁదనే తిరుగును. 793లో కొర్దోవానుండి వచ్చిన ముస్లిము సైన్యము నితఁడు ఒర్బియూ నదియొద్ద నెదిర్చి యోడిపోయెను గాని, ఆ సైన్యమును ముందునకు సాగక మరలిపోయెను. 801లో బార్సెలోనాను గెలిచిన సేనానులలో నితఁడొకఁడు. 804లో గెల్లోను లోయలో మఠము గట్టించి, 806లో కత్తి విడిచి తానే యందు సన్న్యాసియయ్యెను. తరువాతి శతాబ్దులలో ఫ్రెంచి గాయకు లీతనిఁ గూర్చి పుంఖానుపుంఖముగా వీరగాథ లల్లిరి. ఆ గాథలతో మన కిప్పుడు పని లేదు.

ఇతని కొడుకు బెర్నార్డు 826లో బార్సెలోనా కౌంటయ్యెను. మఱుసటియేఁడు తిరుగుబాటుదారులును వారికిఁ దోడువచ్చిన కొర్దోవా సేనయు పట్టణమును ముట్టడింపఁగా, సహాయసైన్యము సకాలమునకు రాకున్నను అతఁడు కోట విడువలేదు. ఆ కీర్తిచే 829లో లూయీ చక్రవర్తి యతనిని రాజగృహాధికారిగాఁ బిలిపించుకొనెను. ఏఁడాది తిరుగకమునుపే చక్రవర్తి పెద్దభార్య కొడుకులు తిరుగఁబడిరి. రెండవభార్య జూడిత్తునకుఁ బుట్టిన చార్లెసునకు రాజ్యభాగ మీయఁబూనుటయే కలహమునకు మూలము. కాని పాలు తగ్గినదని తండ్రిమీఁదికిఁ గత్తి దూసితిమని యెవరు చెప్పుకొందురు? కావున రాణికిని బెర్నార్డునకును వ్యభిచారదోష మంటఁగట్టిరి. రాజప్రాసాదమున మంత్రతంత్రములు జరుగుచున్నవనియుఁ జాటిరి. 830లో బెర్నార్డు బార్సెలోనాకుఁ బాఱిపోయెను. చేఁజిక్కిన యతని సోదరుఁడు హెరిబర్టునకుఁ గన్నులు పెఱికించిరి. రాణిని మఠమున నిర్బంధించిరి. మఱుసటియేఁడు బెర్నార్డు సభలో నిలిచి, నింద మోపినవాఁడు ద్వంద్వయుద్ధమునకు రావలెనని పిలువఁగా నెవఁడును రాలేదు. ప్రమాణము చేసి యపవాదము బాపుకొనెను. పదవి మాత్రము తిరిగి రాలేదు.

834లో జరిగినది యింతకన్న ఘోరము. చక్రవర్తి పెద్దకొడుకు లొథేరు షలోను పట్టణమును గైకొని, బెర్నార్డు సోదరుఁడగు గౌసెల్ముని తల నఱికించెను. సోదరి గెర్బెర్గా సన్న్యాసిని. ఆమెను మంత్రగత్తె యనిపించి పీపాలోఁ బెట్టించి సోను నదిలో ముంచి చంపించెను. రాజునకు విరోధియైన పురుషుఁడు ద్రోహి యనిపించుకొనును. ఆ విరోధికిఁ దోఁబుట్టువైన స్త్రీ మంత్రగత్తె యగును. కత్తివేటునకైనను ఒక గౌరవము గలదు గాని, ఆమెకు దానినిఁ గూడ దక్కనీయలేదు.

బెర్నార్డు భార్య ధువోదా. 824 జూను 29న ఆహెన్ రాజప్రాసాదమున వారి వివాహము జరిగినది. 826 నవంబరు 29న పెద్దకొడుకు పుట్టినాఁడు. తాతపేర విలియమని పిలిచిరి. భర్త యామెను దక్షిణమున నున్న యూజెసు పట్టణమునందుంచి, తాను రాజకార్యములవెంటఁ దిరుగుచుండెను. 840లో లూయీ మరణించెను; కొడుకులు రాజ్యమునకై తమలోఁ దాము పోరాడిరి. 841 మార్చి 22న ధువోదాకు రెండవ కొడుకు గలిగెను. ఆ జూను 25న ఫొంతెనుఆ యుద్ధమున ఫ్రాంకులు ఫ్రాంకులనే నఱకుకొనుచుండఁగా, బెర్నార్డు మూఁడు లీగుల దూరమున సేనతోఁ గూర్చుండి యెవరు గెలుతురా యని చూచెను. చార్లెసు గెలిచిన పిమ్మట, తన విధేయతకుఁ బూచీగా పదునాలుగేండ్ల విలియమును అతని కొలువున కప్పగించెను. పసిబిడ్డను గూడ బాప్తిస్మము గాకమునుపే ఎలెఫాంతసు బిషపునకుఁ దోడిచ్చి తనయొద్దకుఁ దెప్పించుకొనెను. తల్లి కా బిడ్డ పేరేమో తెలియదు.

841 నవంబరు 30న ఆమె లాటినుభాషలో గ్రంథ మారంభించినది. 843 ఫిబ్రవరి 2న ముగించినది. పెద్దకొడుకునకు బుద్ధులు గఱపుటయే దాని యుద్దేశము. నీ తమ్ముని పేరు నాకింకను దెలియలేదని యందే వ్రాసినది; వాఁడు పెద్దవాఁడైనప్పు డీ గ్రంథమును వానిచేఁ జదివింపుమని కోరినది. వేదాంతము, ప్రార్థన, సంఖ్యల గూఢార్థములు, కొలువులో మెలఁగవలసిన తీరు అన్నియు నందుఁ గలవు. ప్రారంభమునఁ గల పద్యముల మొదటియక్షరములు గూర్చినచో ధువోదా తన కొడుకునకుఁ బంపు శుభాకాంక్ష యేర్పడును. అగస్టీను, గ్రెగరీ మొదలగువారి రచనల నామె చదివినదని గ్రంథమే సాక్ష్యమిచ్చుచున్నది. తన్ను అల్పబుద్ధి యని పలుమాఱు చెప్పుకొన్నది. ఆ కాలపు గ్రంథకర్తలలో అట్లు చెప్పుకొననివా రరుదు గాన దానిని మనము పట్టించుకొన నక్కఱ లేదు.

నాకు వీనియన్నిటికంటె విలువైనదిగాఁ దోఁచున దొక చిన్న భాగము. భర్త సరిహద్దుదేశమును గోలుపోవకుండుటకును, కొంద ఱాచరించునట్లు తన్నును గొడుకును విడిచిపోకుండుటకును, క్రైస్తవులయొద్దను యూదులయొద్దను విశేషముగా నప్పులు చేసితినని వ్రాసినది. కొంత తీర్చితిననియు, తన మరణానంతరమున మిగిలినది తీర్పుమనియుఁ గొడుకును వేఁడుకొన్నది. కౌంటుల యుద్ధములకు సొమ్మెక్కడనుండి వచ్చెనని ఏ చరిత్రకారుఁడును మనకుఁ జెప్పఁడు. ఇచ్చట నొక యిల్లాలు చెప్పినది. భర్త ప్రక్కనుండనీయని స్త్రీయే యతని మండలమును నిలుపుటకు ఋణపత్రములకు జవాబుదారి యైనది! ఆమెను గేవల పతిభక్తురాలని పొగడి యూరకుండువా రీ పుట చదువలేదని నా యనుమానము.

కొడుకు ప్రార్థింపవలసిన మృతుల పేళ్లను గూడ నామె వరుసగా నిచ్చినది. విలియము, ఆతని భార్య లిద్దఱు, గౌసెల్ము, గెర్బెర్గా. పీపా మాట లేదు, నది మాట లేదు. మంత్రగత్తె యని చంపఁబడిన యాడుబిడ్డ పేరు తక్కిన పుణ్యాత్ముల పేళ్లనడుమ నున్నది. తాను మరణించినపిదపఁ దన పేరును ఆ పట్టికలోఁ జేర్పుమన్నది. తన సమాధిమీఁదఁ జెక్కవలసిన పద్యమును గూడఁ దానే వ్రాసియిచ్చినది.

రాజభక్తినిఁ గూర్చి యామె యుపదేశ మిది: తండ్రిని అందఱికంటె మిన్నగా గౌరవింపుము; చార్లెసు నీ తండ్రి యేర్పఱచిన ప్రభువు గాన నతనిని నిష్కపటముగాఁ గొలువుము. ఆ ప్రభువే యా తండ్రిని జంపించినచో నేమి చేయవలెనో గ్రంథమున లేదు. గ్రంథము ముగిసిన మఱుసటియేఁడు, 844లో, చార్లెసు బెర్నార్డును రాజద్రోహి యని చంపించెను. విలియము తండ్రిపక్షము వహించెను. 848లో మాయోపాయమున బార్సెలోనాను బట్టుకొనెను. 850లో నచ్చటనే పట్టువడి చంపఁబడెను. అతని వయస్సు ఇరువదినాలుగు దాఁటలేదు. తల్లి బోధయే వాని కొంప దీసినదని కొంద ఱనవచ్చును. నే నట్లనుకొనను. తండ్రిని వదలి రాజు నాశ్రయించినవాండ్రకైనను ఆ కాలమున బ్రదుకు నమ్మకము లేదు. ఇచ్చినది తీసికొను హక్కు రాజునకును, ఇచ్చినదానిని వంశమున నిలుపుకొనవలెనను నాశ కౌంటులకును ఉన్నంతకాలము, ఒకతరము కాకున్న మఱియొకతరము కత్తికిఁ దల యొగ్గవలసినదే.

పేరు తెలియని పసివాఁడు మాత్రము బ్రదికెను. అతని పేరు బెర్నార్డే. తండ్రి తన పేరే పెట్టుకొనెను. ఇతఁడు మెల్లమెల్లగా పెక్కు మండలములు సంపాదించి, పోయిన ప్రాభవమును మరల నిలువఁబెట్టెను. ఇతని కొడుకు విలియము అకిటేను డ్యూకై, 910లో క్లూనీ మఠమును స్థాపించెను. ఆ మఠముపై రాజునకుఁగాని, తనకుఁగాని, తన బంధువులకుఁగాని యెట్టి యధికారమును ఉండరాదని దానశాసనమున వ్రాయించెను. ఇచ్చినదానిని తిరిగి తీసికొనకుండుట యెట్లో ఆ వంశమువారికి అప్పటికిఁ దెలిసివచ్చినది కాఁబోలు. ఎవరెవరి యాత్మశాంతికై యా దానము చేయుచున్నాఁడో శాసనమునఁ జెప్పినాఁడు: రాజు ఓడో, తన తండ్రి, తల్లి, తన భార్య, ఆ భూమి తన కొసఁగిన సోదరి ఆవా, తక్కిన బంధువులందఱు. నాయనమ్మ ధువోదా పేరు ప్రత్యేకముగా నందు లేదు.