విడాకులు, పిల్లల కాలేజీ చదువు

తల్లిదండ్రులు విడిపోయాక పిల్లల కాలేజీ ఖర్చు ఎవరు భరించాలన్నది మన చట్టాల్లో ఇంకా పూర్తిగా తేలని విషయం. పొదిలి లాంటి మెట్ట ప్రాంతంలో దీనికి మరో చిక్కు తోడవుతుంది. ఇక్కడ చాలామంది తండ్రుల రాబడికి జీతం చీటీ ఉండదు. పత్తి, మిర్చి, పొగాకు అమ్మితేనే డబ్బు కళ్లజూస్తారు.

పోషణకు నోచుకోని భార్యాబిడ్డలకు మనోవర్తి ఇప్పించే అధికారాన్ని 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, 488వ సెక్షన్ కింద మేజిస్ట్రేటుకు ఇచ్చింది. ఆ మనోవర్తి నెలకు 50 రూపాయలకు మించకూడదు. ఆ పరిమితి 1923లో 100కు, 1955లో 500కు పెరిగింది. పొదిలి అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు జిల్లాలో (తర్వాతి ప్రకాశం) చేరింది. ఆ మద్రాసు రాష్ట్రంలో హిందువులకు చట్టప్రకారం విడాకులు 1949లోనే వచ్చాయి. 1955 హిందూ వివాహ చట్టం వాటిని దాదాపు దేశమంతటికీ తెచ్చింది. కులాచారం ప్రకారం పెద్దమనుషుల ముందు తెగదెంపులు చేసుకునే పద్ధతినీ ఆ చట్టం 29వ సెక్షన్‌లో ఒప్పుకుంది. అలాంటి పంచాయితీల్లో ఇచ్చిపుచ్చుకున్న సొమ్ము లెక్క తేలినంత ఖచ్చితంగా చదువుల లెక్క తేలదు. తనకేమీ అక్కర్లేదని తల్లి సంతకం పెట్టినంత మాత్రాన బిడ్డ హక్కు పోదని మాత్రం కోర్టులు చెబుతూ వచ్చాయి.

పాత 488వ సెక్షన్‌లో బిడ్డకు వయసు గీత లేదు. 1969లో నానక్ చంద్ కేసులో సుప్రీంకోర్టు, బిడ్డ అంటే మైనరే కానక్కర్లేదంటూ మేజర్లైన కొడుకులకూ మనోవర్తి దక్కుతుందని చెప్పింది. నాలుగేళ్లకే ఆ తలుపు మూసుకుంది. 1973 కోడ్‌లోని 125వ సెక్షన్ ఈ హక్కును మైనర్లకే పరిమితం చేసింది. వైకల్యం వల్ల సంపాదించుకోలేని మేజర్లకే మినహాయింపు. ఇంటర్ పూర్తయ్యేసరికి పిల్లలకు పద్దెనిమిది నిండుతాయి. బీటెక్ ఫీజు కట్టాల్సిన ఏడాదే తండ్రి బాధ్యత తీరిపోవడం ఏ విధంగానూ న్యాయం కాదు. 500 రూపాయల పరిమితిని 2001లో తీసేసినా వయసు గీత అలాగే ఉండిపోయింది.

ఆడపిల్లలకు వేరే దారి ఉంది. 1956 హిందూ దత్తత, మనోవర్తి చట్టం పోషణలో చదువునూ చేర్చింది. తన్ను తాను పోషించుకోలేని అవివాహిత కూతురు మేజరైనా 20వ సెక్షన్ కింద తల్లినీ తండ్రినీ అడగవచ్చు. 2020లో అభిలాష కేసులో సుప్రీంకోర్టు ఈ దారినే చూపింది. కొడుకుల విషయంలో 2021 తీర్పు పెద్ద మలుపు. కర్ణాటకకు చెందిన ఒక తండ్రి కేసులో, ఈ రోజుల్లో పద్దెనిమిదేళ్లతో చదువు ముగియదంటూ కొడుకు మొదటి డిగ్రీ పూర్తయ్యేదాకా డబ్బు ఇవ్వాలని అదే కోర్టు ఆదేశించింది. ఐర్లండ్‌లో చదువుకున్న కూతురికి తండ్రి ఇచ్చిన 43 లక్షల మీద ఆమెకు హక్కుందని 2025 జనవరిలో చెప్పింది. అమెరికాలో తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న న్యూజెర్సీ రాష్ట్రపు సుప్రీంకోర్టు 1982లోనే, స్తోమతను బట్టి విడిపోయిన తల్లిదండ్రులు కాలేజీ ఖర్చు పంచుకోవాలని తీర్పిచ్చింది.

రైతు కుటుంబాలకు అక్కరకొచ్చేది 2020 నవంబరు 4 నాటి రజనీష్-నేహా తీర్పు. ఇరుపక్షాలూ ఆస్తిపాస్తుల అఫిడవిట్ వేయాలన్న ఆ తీర్పు, సాగుదారులకు విడిగా ఒక నమూనా ఇచ్చింది. పొలం ఎంత, తరా మెట్టా, ఆ ఏడు ఏ పంట వేశారు, కౌలుకిచ్చారా, గొడ్డూగోదా ఎంత, అప్పు ఎంత అన్నవన్నీ అందులో రాయాలి. పొగాకైతే బోర్డు వేలం కేంద్రంలో అమ్మకానికి లెక్క ఉంటుంది. నోటిమాట కౌలుకే రుజువు దొరకదు. పిల్లల చదువు ఖర్చు మామూలుగా తండ్రిదేనని, తల్లి తగినంత సంపాదిస్తుంటే ఇద్దరూ ఆ మేరకు పంచుకోవచ్చని కూడా ఆ తీర్పు చెప్పింది.

2024 జూలై 1 నుంచి 125వ సెక్షన్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ వచ్చింది. వయసు గీత అందులోనూ ఉంది. కొత్త చట్టం రాసినప్పుడే మొదటి డిగ్రీ దాకా అని చేర్చాల్సింది; ఆ అవకాశం చేజారింది. కాబట్టి విడాకుల ఒప్పందం రాసుకునేటప్పుడే కాలేజీ ఫీజు, హాస్టలు, పుస్తకాల ఖర్చు ఎవరు ఎంతవరకు కట్టాలో స్పష్టంగా రాయించుకోవాలి. లాయరు ఫీజుకు వెనకాడే తల్లులకు 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద, ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది.